గట్టు దగ్గర పుట్టిన పార్టీ: స్వతంత్ర పార్టీ ఎందుకొచ్చింది, ఏం కోరుకుంది

1959లో కాంగ్రెస్‌కి ఎదురుగా పుట్టిన స్వతంత్ర పార్టీ పేరెత్తగానే కాస్త రాజకీయాలు తెలిసినవాళ్లు కూడా "ఆ, రాజాల పార్టీ, బొంబాయి సేఠ్‌ల పార్టీయేగా" అని తేల్చేస్తారు. ఇంకొంచెం చదివినవాళ్లైతే రాజాజీ (సి. రాజగోపాలాచారి) పేరు చెప్తారు, పర్మిట్-లైసెన్స్-కోటా రాజ్ అనే మాట ఆయన నోటి నుంచే వచ్చిందంటారు, అక్కడితో సరి. ఆ పార్టీకి మొట్టమొదటి అధ్యక్షుడు మన గుంటూరు జిల్లా నిడుబ్రోలు మనిషి అని, అది పుట్టడానికి నిప్పు రాజేసింది ఫ్యాక్టరీలు కాదు పొలం గట్లు అని చెప్తే మాత్రం చాలామంది నమ్మరు. నాకు దీని గురించి రాయాలని ఎప్పట్నుంచో ఉంది. మా తాతయ్య, ఆయన ఈడువాళ్లు అరుగు మీద కూర్చుంటే "నక్షత్రం గుర్తు" మాట తరచూ దొర్లేది, అదేదో జాతకాల గొడవ అనుకునేవాణ్ణి చిన్నప్పుడు, పెద్దయ్యాక గానీ అది పార్టీ గుర్తని తెలీలేదు.

గొడవ ఎక్కడ మొదలైందో తెలియాలంటే 1959 జనవరికి వెళ్లాలి. నాగపూర్‌లో కాంగ్రెస్ మహాసభ జరిగింది, వ్యవసాయం మీద ఒక తీర్మానం చేశారు. అందులో ఉన్నది ఏంటంటే, రేపటి పల్లెలో సేద్యం సహకార పద్ధతిలో ఉమ్మడిగా సాగాలి, అందరి పొలాలూ ఒకచోట కలపాలి, పట్టా హక్కు ఎవరిది వాళ్లకే ఉంటుంది, పంటొచ్చాక ఎవరి భూమి ఎంతో దాన్నిబట్టి వాటా, పనిచేసినవాళ్లకి భూమి ఉన్నా లేకపోయినా పనినిబట్టి వాటా. దానికి మొదటి మెట్టుగా మూడేళ్లలో దేశమంతటా సేవా సహకార సంఘాలు పెట్టాలి. కమతాలకి పరిమితి పెట్టి, తేలిన మిగులు భూమిని పంచాయతీలకి అప్పజెప్పి, భూమిలేని కూలీల సంఘాల చేత సాగు చేయించాలి.

దీన్ని నెహ్రూ ఊరికే తేలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. తిండిగింజల కొరత ఉంది, 1956 నుంచి అమెరికా గోధుమలు పీఎల్-480 ఒప్పందం కింద దిగుమతి అవుతున్నాయి, ముక్కలు ముక్కలైన కమతాల్లో దిగుబడి పెరగదని ప్లానింగ్ వాళ్ల లెక్క. 1956లో మన ప్రతినిధి బృందాలు చైనా వెళ్లి అక్కడి సహకార సేద్యం చూసొచ్చాయి కూడా. పైగా 1955 ఆవడి సభలోనే సోషలిస్టు తరహా సమాజం మా లక్ష్యం అని కాంగ్రెస్ చెప్పేసింది. అందుకని నెహ్రూకి ఇది సహజంగా వేయాల్సిన తర్వాతి అడుగులా కనిపించింది, బలవంతం ఉండదు, ఇష్టమైనవాళ్లే చేరతారు అని కూడా చెప్పారు.

కానీ ఈ తీర్మానాన్ని తెనాలి, పొన్నూరు పక్క రైతు ఎట్లా విన్నాడో ఒకసారి ఆలోచించండి. డెల్టా పొలంలో గట్టు అంటే ఉత్త మట్టి కట్ట కాదు. ఇటు మడి మనది, అటు మడి పక్కవాడిది అని చెప్పేది గట్టే, దాని మీద కంది మొక్కలు వేసుకుంటారు, ఇంటికి సరిపడా కందిపప్పు అక్కడ్నుంచే వస్తుంది, గేదెకి గడ్డి ఆ గట్టు మీదే కోస్తారు, నీళ్లు ఎవరి మడిలోకి ముందు పారాలి అన్న తగువు ఆ గట్టు దగ్గరే తెగుతుంది. పక్కవాడు ఏటా పార పెట్టి నాలుగు వేళ్లు లోపలికి జరుపుతున్నాడని అనుమానం వస్తే కరణాన్ని పిలిపించి, గొలుసు లాగించి, సర్వే రాయి ఎక్కడుందో తవ్వి చూపించుకునేవాళ్లు. మా తాతయ్యకి రెండెకరాల చెక్క దగ్గర అట్లాంటి పేచీ ఒకటి ఉండేది, ఆ రాయి మీద చెయ్యి పెట్టి మాట్లాడే మనిషి ఆయన. అట్లాంటివాడికి వచ్చి "పట్టా నీదే బాబూ, గట్టు మాత్రం తీసేద్దాం" అంటే, గట్టు పోయాక పట్టా కాగితం ఏం చేసుకోవాలి అనే ప్రశ్న వస్తుంది. ఏ మడి తనదో చూపించలేని రైతుకి హక్కు ఉంటే ఎంత లేకపోతే ఎంత? తీర్మానం రాసినవాళ్లకి ఇది అర్థం కాలేదని నా నమ్మకం.

అర్థమైన మనిషి ఆచార్య ఎన్.జి. రంగా. 1900లో నిడుబ్రోలులో పుట్టారు, ఆక్స్‌ఫర్డ్‌లో అర్థశాస్త్రం చదివారు, తిరిగొచ్చి రైతుల్లో పడ్డారు. ఆయన్ని రైటిస్టు అని ఒక్క మాటతో పక్కన పెట్టేవాళ్లు ఆయన గతం చూడాలి. వెంకటగిరి జమీందారీలో రైతుల పోరాటం నడిపినవాడు, 1936లో అఖిల భారత కిసాన్ సభ పెట్టినప్పుడు స్వామి సహజానంద సరస్వతి అధ్యక్షుడైతే ఈయన ప్రధాన కార్యదర్శి, సొంత ఊళ్లో రైతు కార్యకర్తలకి బడి నడిపినవాడు. జమీందార్లకి వ్యతిరేకంగా జీవితం గడిపిన మనిషి జమీందార్ల పార్టీ ఎందుకు పెడతాడు చెప్పండి? ఆయన వాదం మొదట్నుంచీ ఒకటే, భూమి దున్నేవాడికే సొంతం కావాలి. జమీందారు చేతిలోంచి భూమి తీసి రైతుకివ్వాలని ముప్పైల్లో కొట్లాడారు, అదే భూమిని రైతు చేతిలోంచి తీసి సంఘానికి ఇస్తామంటే యాభైల్లో కొట్లాడారు. ఆయన దృష్టిలో రెండూ ఒకటే పోరాటం.

కాంగ్రెస్‌తో ఆయనకి పేచీ కూడా కొత్తది కాదు. 1951లో రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి నీలం సంజీవరెడ్డి చేతిలో ఓడిపోయాక బయటికొచ్చి కృషికార్ లోక్ పార్టీ పెట్టారు, 1955 ఆంధ్ర ఎన్నికల్లో కమ్యూనిస్టుల్ని ఆపడానికి కాంగ్రెస్‌తో కలిసి పోటీ చేసి 22 సీట్లు గెలిపించారు, ఆ తర్వాత మళ్లీ కాంగ్రెస్‌లో కలిశారు. నాగపూర్ తీర్మానం వచ్చాక ఇంక ఉండలేక రెండోసారి బయటికొచ్చారు. నాగపూర్ సభలోనే నిలబడి ఈ ఉమ్మడి సేద్యం మన దేశానికి పనికిరాదని వాదించిన ఇంకో మనిషి ఉన్నాడు, ఉత్తరప్రదేశ్ నాయకుడు చరణ్ సింగ్. ఆయన మాత్రం అప్పటికి కాంగ్రెస్‌లోనే ఉండిపోయారు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇంకో పక్క మద్రాసులో రాజాజీ ఉన్నారు. అప్పటికి ఎనభై ఏళ్లు, గవర్నర్ జనరల్‌గా చేశారు, ముఖ్యమంత్రిగా చేశారు, ఇంక కావాల్సిన పదవి ఏమీ లేదు. ఆయన బెంగ వేరు. 1957 ఎన్నికల్లో లోక్‌సభలో కాంగ్రెస్‌కి 371 సీట్లొస్తే రెండో స్థానంలో ఉన్న కమ్యూనిస్టు పార్టీకి వచ్చినవి 27. అంటే ప్రతిపక్షం అనేది పేరుకే ఉంది. నెల్లూరులో పుట్టిన ఖాసా సుబ్బారావు మద్రాసు నుంచి నడిపిన స్వరాజ్య పత్రికలో రాజాజీ వారం వారం రాస్తూ, ఒకే పార్టీ ఇట్లా అడ్డూ ఆపూ లేకుండా నడిస్తే ప్రజాస్వామ్యం పేరుకే మిగులుతుంది, కాంగ్రెస్‌కి ఎదురుగా రాజ్యాంగబద్ధంగా నిలబడే ఒక పార్టీ కావాలి అని వాదించారు. దీన్ని సరిగ్గా పట్టుకోకపోతే స్వతంత్ర పార్టీ ఉద్దేశం సగమే అర్థమవుతుంది. వాళ్లకి మంచి ప్రతిపక్షంగా ఉండటం కూడా ఒక లక్ష్యమే, అధికారం దొరికేదాకా వెయిటింగ్ రూమ్‌లో కూర్చోవడం లాంటిది కాదు.

మూడో మనిషి మినూ మసానీ. బొంబాయి పార్శీ, 1934లో జయప్రకాశ్ నారాయణ్ వాళ్లతో కలిసి కాంగ్రెస్ సోషలిస్టు పార్టీ పెట్టినవాడు, స్టాలిన్ కాలంలో రష్యాలో ఏం జరిగిందో చూశాక పూర్తిగా మారిపోయాడు, టాటాల దగ్గర పనిచేశాడు. అంటే చూడండి, కిసాన్ సభ మనిషి ఒకరు, పాత సోషలిస్టు ఒకరు, గాంధీకి వియ్యంకుడైన కాంగ్రెస్ పెద్దమనిషి ఒకరు. పుట్టు రైటిస్టు ఒక్కడూ లేడు ఈ ముగ్గురిలో.

1959 జూన్ 4న మద్రాసు వివేకానంద కాలేజీలో జరిగిన సమావేశంలో పార్టీ పెట్టాలని తేల్చారు. పిలిచిన సంస్థలు కూడా రెండు రకాలు, ఒకటి వ్యవసాయదారుల సమాఖ్య, రెండోది వ్యాపార వర్గాల ఫోరమ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్. పల్లె, పట్నం రెండూ మొదటిరోజు నుంచీ ఒకే గదిలో ఉన్నాయన్నమాట, తర్వాత వచ్చిన బలమూ తగువులూ రెండూ అక్కడివే. ఆగస్టు 1, 2 తేదీల్లో బొంబాయిలో సన్నాహక సభ పెట్టి 21 మూల సూత్రాలు ఆమోదించారు. రంగాగారు అధ్యక్షుడు, మసానీ ప్రధాన కార్యదర్శి. రాజాజీ ఏ పదవీ తీసుకోలేదు గానీ పార్టీకి మొహం ఆయనే.

ఆ సూత్రాల్లో ఏముందో చూస్తే ఈ పార్టీ మీద మనకున్న బొమ్మ చాలావరకు మారుతుంది. ప్రభుత్వం ఏమీ చేయకూడదు అని వాళ్లు అనలేదు. రైల్వేల్లాంటి జాతీయ సర్వీసులు, ప్రైవేటు వాళ్ల వల్ల కాని భారీ పరిశ్రమలు ప్రభుత్వం పెట్టొచ్చన్నారు. తిండి, నీళ్లు, ఇల్లు, బట్ట అందరికీ అందాలన్నారు, కానీ దానికి దారి ప్రభుత్వం అన్నీ చేతిలోకి తీసుకోవడం కాదు, మనుషులు తమ పని తాము చేసుకునే వీలుండటం అన్నారు. గాంధీ చెప్పిన ధర్మకర్తృత్వం, అంటే ఉన్నవాడు తన సంపదకి యజమానిలా కాకుండా ధర్మకర్తలా మసలాలి అన్నది, అదీ పెట్టుకున్నారు. రైతు భూమి మీద రైతుకే పూర్తి హక్కు, పంటకి గిట్టుబాటు ధర, పల్లెల్లో రోడ్లూ నీళ్లూ గోదాములూ, ప్రాథమిక హక్కుల్ని కాపాడే స్వతంత్ర న్యాయస్థానాలు, కులమతాలతో పనిలేకుండా అందరికీ సమాన అవకాశం. పరిశ్రమలకి లైసెన్సులు, దిగుమతులకి పర్మిట్లు, ముడిసరుక్కి కోటాలు, ధాన్యం రాష్ట్రం దాటించాలన్నా అనుమతి, ఈ ప్రతి కాగితం దగ్గరా ఒక ఆఫీసరు, ఆ ఆఫీసరు వెనకాల ఒక రాజకీయ నాయకుడు నిలబడతాడని, ఆ సంతకం కోసం తిరిగే పెద్ద వ్యాపారి ఎట్లాగో పని చేయించుకుంటాడు గానీ చిన్నవాడు అక్కడే ఆగిపోతాడని రాజాజీ మాటిమాటికీ చెప్పేవారు. తర్వాత ముప్పై ఏళ్ల చరిత్ర చూశాక ఈ విషయంలో ఆయన తప్పని ఎవరైనా వాదిస్తారని నేను అనుకోను.

నాకు అన్నింటికంటే నచ్చేది ఆ 21లో చివరిది. మూల సూత్రాల్లో లేని ఏ విషయంలోనైనా పార్టీ సభ్యుడు తన అంతరాత్మ చెప్పినట్టు మాట్లాడొచ్చు, ఓటేయొచ్చు, పార్టీ విప్ ఇవ్వదు. ఇది కాగితం మీది మాట కాదు. రాజాజీ జీవితమంతా మద్యనిషేధం కోసం నిలబడ్డ మనిషి, 1937లో మద్రాసు ప్రధానిగా (అప్పట్లో ముఖ్యమంత్రిని అట్లా అనేవాళ్లు) సేలం జిల్లాలో మొదట అమలు చేసిందే ఆయన. ఇక్కడ మన శ్రీకాకుళంలో సర్దార్ గౌతు లచ్చన్న, కల్లుగీత కార్మికుల తరఫున జీవితమంతా కొట్లాడిన మనిషి, 1954 నవంబర్‌లో మద్యనిషేధం వల్ల గీత కార్మికుల పొట్ట కొడుతున్నారని అవిశ్వాసం పెట్టి ప్రకాశం పంతులుగారి ప్రభుత్వాన్నే ఒక్క ఓటు తేడాతో పడగొట్టారు. వీళ్లిద్దరూ ఒకే పార్టీలో ఎట్లా ఉన్నారు? ఈ సూత్రం వల్లే ఉన్నారు. భాష విషయంలోనూ అంతే, రాజాజీ ఇంగ్లిష్ ఉండాలంటే అదే పార్టీలోని కె.ఎం. మున్షీ హిందీ కావాలనేవారు. పార్టీ మారితే సభ్యత్వం పోయే చట్టాలు, విప్ ధిక్కరిస్తే వేటు, ఇవన్నీ చూస్తున్న ఈ రోజుల్లో ఆ ఒక్క నియమం గురించి చదువుతుంటే నాకు నిజంగా గుండె కదులుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు ముడి దగ్గరికొద్దాం. ఇది మధ్యేవాద పార్టీనా, రైటిస్టు పార్టీనా? కమ్యూనిస్టులు, కాంగ్రెస్‌లో వామపక్షం వాళ్లు దీన్ని పచ్చి మితవాద (రైటిస్టు) పార్టీ అన్నారు, నెహ్రూ ఇది జమీందార్ల కాలం నాటి పార్టీ అని కొట్టిపారేశారు. పార్టీలో మసానీ లాంటివాళ్లు మాది మధ్యేమార్గం అనేవాళ్లు, రాజాజీకేమో సంప్రదాయవాది అనిపించుకోవడానికి అభ్యంతరం లేదు. ముగ్గురూ ఒక రకంగా నిజమే చెప్పారు, ఎందుకంటే ఒక్కొక్కళ్లు ఒక్కో కొలబద్ద పట్టుకున్నారు. ఆస్తి, మార్కెట్ కొలబద్ద పెడితే అప్పటి కాంగ్రెస్‌కి కుడి పక్కనే ఉంటుంది, అందులో అనుమానం లేదు. మతం కొలబద్ద పెడితే జనసంఘ్ ఒక చివర ఉంటే ఇది దానికి చాలా దూరంగా ఉంటుంది, మతం పేరు మీద ఒక్క డిమాండ్ కూడా ఈ పార్టీ సూత్రాల్లో లేదు. ప్రజాస్వామ్య పద్ధతులు కొలబద్ద అయితే, ఒక పక్క విప్లవం కావాలనేవాళ్లు, ఒక పక్క ఒకే పార్టీ చాలనుకునేవాళ్లు, మధ్యలో రాజ్యాంగం పట్టుకుని నిలబడ్డది ఇదే. అప్పట్లో అందరూ ఎడమవైపు జరిగారు కాబట్టి ఉన్నచోటే నిలబడ్డవాడు కుడివైపు కనిపించాడు అనేది నేను అనుకునే మాట. 1991 తర్వాత అదే మాటలు కాంగ్రెస్ కూడా మాట్లాడింది.

అట్లాగని పార్టీలో లోపం లేదని నేను అనను, పెద్ద లోపమే ఉంది. గట్టు ఉన్నవాడి భయం ఈ పార్టీకి బాగా తెలుసు, గట్టే లేనివాడి ఆకలి తెలీదు. కౌలు రైతుకి, వ్యవసాయ కూలీకి నీకు ఫలానాది ఇస్తాం అని చెప్పడానికి వాళ్ల దగ్గర గట్టిగా ఏమీ లేదు. రంగాగారు రైతు, చేనేత, గీత కార్మికుడు అందరూ సొంత పని చేసుకునేవాళ్లే, ఒకరి కింద కూలీలు కాదు, వీళ్లందరూ ఒకటి కావాలి అని సిద్ధాంతం చెప్పారు, అది మంచి ఆలోచనే. కానీ మా ఊళ్లోనే పొలం గట్టు మీద నిలబడి అజమాయిషీ చేసేవాడికి, మడిలో నడుము వంచి నాటు వేసే ఆవిడకి ఆ సిద్ధాంతంలో ఒకే చోటు దొరకదు. నాగపూర్ తీర్మానంలో కనీసం ఆవిడ గురించి ఒక వాక్యం ఉంది, పనినిబట్టి వాటా అని. దానికి దీటైన వాక్యం స్వతంత్ర వాళ్లు రాయలేకపోయారు, డెల్టాలో ఎర్రజెండా వెంట నడిచినవాళ్లు ఆ జెండా వదలకపోవడానికి ఇదే కారణం.

రెండో బరువు రాజాలు. పార్టీ పుట్టింది రైతు కోసం అయినా, ఊరూరా ఆఫీసులు, కార్యకర్తలు లేరు, తొందరగా ఓట్లు తెచ్చేవాళ్లు కావాల్సొచ్చింది. బీహార్‌లో రామ్‌గఢ్ రాజా తన పార్టీ మొత్తాన్ని తెచ్చి కలిపారు, ఒరిస్సాలో మాజీ సంస్థానాధీశుల గణతంత్ర పరిషత్ కలిసింది, జైపూర్ మహారాణి గాయత్రీదేవి 1962లో భారీ మెజారిటీతో లోక్‌సభకి గెలిచారు. సంస్థానాల్ని దేశంలో కలపడంలో పటేల్‌కి కుడిభుజంగా ఉన్న వి.పి. మీనన్ కూడా ఈ పార్టీలోనే ఉన్నారు, ఆ మాజీ సంస్థానాధీశుల పక్కనే. రాజులు వచ్చాక ఓట్లు వచ్చాయి, కానీ జనం మనసులో పార్టీ బొమ్మ కూడా మారిపోయింది, నిడుబ్రోలు రైతు వెనక్కి పోయి జైపూర్ ప్యాలెస్ ముందుకొచ్చింది. ఇక సేఠ్‌ల డబ్బు సంగతి, అది అనుకున్నంత కాదు. 1961లో జేఆర్‌డీ టాటా నెహ్రూకి ఉత్తరం రాసి, మేం కాంగ్రెస్‌కి ఇస్తూనే స్వతంత్రకి కూడా విరాళం ఇస్తాం, ప్రజాస్వామ్యానికి ఇంకో పార్టీ కావాలి అని చెప్పారు. బిర్లా కాంగ్రెస్ వెంటే ఉన్నారు. లైసెన్స్ ఇచ్చే చేతిని కాదని ఎదుటివాడికి డబ్బివ్వడానికి చాలామంది వ్యాపారులు భయపడ్డారు, లైసెన్స్ రాజ్ గురించి రాజాజీ చెప్పింది ఆయన పార్టీ ఫండ్స్ దగ్గరే రుజువైంది.

అయినా మూడేళ్ల వయసులో 1962 ఎన్నికల్లో లోక్‌సభకి 18 సీట్లు తెచ్చుకున్నారు, బీహార్‌లో 50, రాజస్థాన్‌లో 36, గుజరాత్‌లో 26 అసెంబ్లీ సీట్లు. మన ఆంధ్రప్రదేశ్‌లో 19. ఇక్కడ కమ్యూనిస్టులు 51 తో చాలా ముందున్నారు. రంగాగారు ఆ సంవత్సరమే చిత్తూరు ఉపఎన్నికలో గెలిచి లోక్‌సభకి వెళ్లారు. 1967 నాటికి లెక్క మారింది, కేంద్రంలో 44 సీట్లు, 8.67 శాతం ఓట్లు, లోక్‌సభలో కాంగ్రెస్ తర్వాత అతి పెద్ద పార్టీ ఇదే. రంగాగారు ఈసారి శ్రీకాకుళం నుంచి గెలిచారు, గుంటూరు జిల్లా మనిషి శ్రీకాకుళంలో గెలిచాడంటే దాని వెనకాల లచ్చన్నగారి బలం ఉంది. ఇక్కడి అసెంబ్లీలో 29 సీట్లు వచ్చాయి, 1964లో చీలిపోయిన కమ్యూనిస్టులు రెండు పార్టీలూ కలిసినా అన్ని లేవు, లచ్చన్నగారు ప్రతిపక్షం నడిపించారు. గుజరాత్‌లో 66 సీట్లతో అధికారానికి దగ్గరగా వచ్చి ఆగిపోయారు, ఒరిస్సాలో మాత్రం ఆర్.ఎన్. సింగ్ దేవ్ ముఖ్యమంత్రి అయ్యారు.

సీట్ల కంటే పార్లమెంట్‌లో వీళ్లు చేసిన పనే పెద్దది. ఉదాహరణకి 1964 నాటి 17వ రాజ్యాంగ సవరణ. భూసంస్కరణల చట్టాలు కోర్టుల్లో నిలబడటానికి "ఎస్టేట్" అనే మాటకి అర్థం పెంచి రైత్వారీ భూముల్ని, అంటే రైతు నేరుగా ప్రభుత్వానికే శిస్తు కట్టే భూముల్ని కూడా అందులోకి తెచ్చారు. కోస్తాలో ఎక్కువ పొలాలు రైత్వారీ పట్టాలే కాబట్టి, జమీందార్ల కోసం తయారుచేసిన నిబంధన మా తాతయ్య రెండెకరాల మీదకి కూడా వచ్చినట్టయింది. స్వతంత్ర వాళ్లు ఊళ్లలోనూ సభలోనూ దీన్ని గట్టిగా వ్యతిరేకించారు. చివరికి పాసైన సవరణలో ఒక రక్షణ ఉంది, పరిమితి లోపల సొంతంగా సాగుచేసుకునే భూమిని ప్రభుత్వం తీసుకుంటే మార్కెట్ ధరకి తగ్గకుండా పరిహారం ఇవ్వాలి అని. ఇప్పటికీ రాజ్యాంగంలో 31ఎ కింద ఆ వాక్యం ఉంది, భూసేకరణ గొడవల్లో ఉన్న రైతులు ఒకసారి తీసి చదువుకోవాలి.

ఉమ్మడి సేద్యం సంగతేమైందంటే, అది మెల్లగా అటకెక్కింది. సేవా సహకార సంఘాలు మాత్రం నిలిచాయి, ఇప్పుడు మన ఊళ్లలో ఎరువులకీ అప్పులకీ వెళ్లే సొసైటీలు ఆ కోవలోవే. గట్లు ఎవరూ తీయలేదు. ఒక రకంగా పార్టీ పుట్టిన కారణంలో గెలిచింది, ఆ గెలుపే దాన్ని బలహీనం చేసిందేమో కూడా, భయం పోయాక రైతుకి ఈ పార్టీతో అంత అవసరం కనిపించలేదు.

పతనం చాలా వేగంగా జరిగింది. 1969 జులైలో ఇందిరాగాంధీ 14 బ్యాంకుల్ని జాతీయం చేశారు, దాని మీద సుప్రీంకోర్టుకెళ్లి 1970లో గెలిచిన ఆర్.సి. కూపర్ ఈ పార్టీ నాయకుడే. తర్వాత మాజీ రాజులకి ప్రభుత్వం ఇచ్చే రాజభరణాల రద్దు గొడవ, అక్కడ రాజుల పక్కన నిలబడక తప్పలేదు, అది ఇచ్చిన మాట కాబట్టి నిలబెట్టుకోవాలి అనేది వాళ్ల వాదం. కోర్టులో అది సరైన వాదమే కావచ్చు, కానీ 1971 ఎన్నికల్లో ఒక పక్క గరీబీ హటావో అని ఊరూరా వినిపిస్తుంటే ఇంకో పక్క బ్యాంకులూ రాజభరణాలూ పట్టుకుని ఓటు అడగటం అంటే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. దానికి తోడు పాత కాంగ్రెస్ (ఇందిరకి ఎదురు నిలిచిన కాంగ్రెస్ చీలిక), జనసంఘ్, సంయుక్త సోషలిస్టులతో కూటమి కట్టారు, వాళ్లందర్నీ కలిపింది ఇందిర మీద వ్యతిరేకత తప్ప ఇంకేమీ లేదు. 44 సీట్లు 8 అయ్యాయి. శ్రీకాకుళంలో రంగాగారు ఓడిపోయారు. 1972 డిసెంబర్ 25న రాజాజీ చనిపోయారు. రంగాగారు మళ్లీ కాంగ్రెస్‌కి వెళ్లిపోయారు, 1980లో గుంటూరు నుంచి ఆ పార్టీ ఎంపీగా గెలిచారు. ఆయన అట్లా వెళ్లడం నాకు బాధే, కానీ ఆయన్ని తప్పుపట్టే మనసు రాదు.

1974లో పీలూ మోదీ నాయకత్వంలో మిగిలిన పార్టీ వెళ్లి భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. ఆ లోక్‌దళ్ నాయకుడు ఎవరో కాదు, నాగపూర్ సభలో నిలబడి కాదన్న చరణ్ సింగే. పదిహేనేళ్ల కింద ఒకే తీర్మానాన్ని రెండు చోట్ల నుంచి వ్యతిరేకించినవాళ్లు అట్లా ఒకచోటికి చేరారు, 1977లో అదంతా జనతా పార్టీ అయింది. మరి ఆ జనతా ప్రభుత్వమే 1978లో 44వ సవరణ తెచ్చి ఆస్తి హక్కుని ప్రాథమిక హక్కుల జాబితాలోంచి తీసేసింది, 300ఎ కింద మామూలు చట్టబద్ధ హక్కుగా మిగిల్చింది. స్వతంత్ర పార్టీ దేనికోసం పుట్టిందో అది, ఆ పార్టీ కలిసిన పార్టీ చేతుల మీదే పోయింది. ఈ విషయం మొదటిసారి చదివినరోజు నాకు చాలాసేపు ఇంకేమీ చదవబుద్ధి కాలేదు.

లైసెన్స్ రాజ్ పోవడానికి 1991 జులై దాకా ఆగాల్సొచ్చింది, ఆ పని చేసింది పీవీ నరసింహారావుగారు, ఇరవై ఏళ్ల కింద ముఖ్యమంత్రిగా భూసంస్కరణల కోసం పట్టుబట్టిన అదే మనిషి. పార్టీ పోయాక కూడా దాని పేరు వదలని కొద్దిమంది మహారాష్ట్రలో ఉండేవాళ్లు. వాళ్లకి అడ్డమొచ్చింది ఏంటంటే, 1989లో ప్రజాప్రాతినిధ్య చట్టంలో 29ఎ అనే సెక్షన్ చేర్చారు, ఏ పార్టీ అయినా ఎన్నికల సంఘం దగ్గర రిజిస్టర్ కావాలంటే తన నియమావళిలో రాజ్యాంగంతో పాటు సోషలిజం, సెక్యులరిజం, ప్రజాస్వామ్యం సూత్రాలకి కట్టుబడి ఉంటామని రాయాలి. సెక్యులరిజం, ప్రజాస్వామ్యం దగ్గర వాళ్లకి పేచీ లేదు, వాళ్ల పార్టీ నిలబడ్డదే వాటి మీద. సోషలిజానికి కట్టుబడతామని అబద్ధపు సంతకం పెట్టలేం అని 1996లో బొంబాయి హైకోర్టుకెళ్లారు. ఆ వాక్యం చట్టంలో ఇప్పటికీ అట్లాగే ఉంది.